స్పర్శ్‌కు తెలియని మహాలక్ష్మి

2020 జూన్ 15 రాత్రి గల్వాన్ లోయలో చైనా సైనికులతో జరిగిన ఘర్షణలో 20 మంది సైనికులను పోగొట్టుకున్నాం. 16 బిహార్‌ కమాండింగ్ ఆఫీసర్ కల్నల్ సంతోష్ బాబుది సూర్యాపేట. సిపాయి చంద్రకాంత ప్రధాన్‌ది ఒడిశాలో మన గంజాం జిల్లాను ఆనుకునే ఉన్న కంధమాల్. అప్పటి తెలంగాణ ముఖ్యమంత్రి ఆ నెలలోనే సూర్యాపేట వెళ్లి, కల్నల్ కుటుంబానికి ఐదు కోట్ల సాయం, ఆయన భార్యకు గ్రూప్-1 ఉద్యోగ పత్రం అందించారు. మంచి పనే. దేశమంతా చూస్తున్నప్పుడు కాగితమే గడప దాకా వస్తుంది. గుండె ఆగో, సెలవులో బండి ప్రమాదంలోనో పోయిన నాయక్ ఇంటికి మాత్రం రాదు. ఆ ఇల్లాలే దాని వెనక తిరగాలి.

సైన్యమంటే మనకు క్షిపణులూ, గోపాల్‌పూర్ ఎయిర్ డిఫెన్స్ కాలేజీ తుపాకుల మోతా. యూనిట్ సరిహద్దుకు కదిలితే వెంట క్లర్కులూ కదులుతారని ఎవరికీ తట్టదు. సెలవు చీటీ, రైలు వారంటు, అలవెన్సుల లెక్క అన్నీ వాళ్ల చేతిమీదే నడవాలి. యూనిట్ ఎక్కడుందో చెప్పకుండా 56 ఏపీఓ, 99 ఏపీఓ చిరునామాల మీద ఉత్తరాలు చేరవేసే సైనిక తపాలా గురించి మన ఇళ్లలో తెలుసు. తెలియనిదల్లా పార్ట్ టూ ఆర్డరు. జవానుకు పెళ్లయినా, బిడ్డ పుట్టినా యూనిట్ ఆ ఆర్డరు వేసి రికార్డ్ ఆఫీసుకు పంపాలి. అది పడనంత కాలం ఆ భార్య, ఆ బిడ్డ సైన్యం లెక్కలో లేనట్టే.

గంజాం జిల్లాలోని మా అస్కా తెలుగువాళ్లకు ఇక్కడే అసలు చిక్కు. 1936 దాకా గంజాం మద్రాసు ప్రెసిడెన్సీలోది. తాతల దస్తావేజుల్లో తెలుగు, మనవడి బడి సర్టిఫికెట్‌లో ఒడియా. మనకు ఇంటిపేరు ముందుంటుంది, ఒడియా వాళ్లకు చివర. దాంతో పేరులోని చివరి మాటే ఇంటిపేరుగా ఎక్కి, అన్న రావు గారి వంశమవుతాడు, తమ్ముడు మూర్తి గారి వంశం. ఇక ఆడవాళ్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. ఓటరు కార్డులో పుట్టింటి పేరు, ఆధార్‌లో అత్తింటి పేరు, భర్త హడావిడిగా నింపిన ఫారంలో ఉత్త లక్ష్మి. లక్ష్మి, లక్ష్మమ్మ, మహాలక్ష్మి ఒక్కరేనని వీధి వీధంతా సాక్ష్యం చెబుతుంది. 2021 నుంచి రక్షణ పింఛన్లను నడిపిస్తున్న స్పర్శ్ వ్యవస్థకు వీధి సాక్ష్యం పనికిరాదు, అక్షరం అక్షరం కలవాలి. ఇక అఫిడవిట్లు, తహసీలు, బరంపురం ప్రయాణాలు. భర్త బతికుండి మంచుకొండల మీద డ్యూటీలో ఉంటే ఫోనైనా అందదు.

పాత మద్రాసు సైన్యంలో సిపాయి వెంట కుటుంబమూ రెజిమెంటు లైన్లలోనే ఉండేది. సిపాయి పోతే కొడుకును పింఛను బాలుడిగా పట్టీలో ఎక్కించుకునేవారు. దొరల కాలాన్ని మెచ్చుకోవడం నా ఉద్దేశం కాదు.  కాకపోతే సిపాయి పెళ్లాం ఎవరో రెజిమెంటుకు ముఖం చూసి తెలిసేది. ఇప్పుడు లేహ్‌లో క్లర్కుకు అస్కాలోని ఆమె ముఖం తెలిసే దారి లేదు, కాగితమే దిక్కు. అలాంటప్పుడు కాగితం సరిగ్గా ఉండేట్టు చూడడం ఆమె ఒక్కదాని పని ఎలా అవుతుంది?

కంప్యూటర్ వద్దని నేననను. ఊళ్లోని కామన్ సర్వీస్ సెంటర్ (సీఎస్సీ)లోనే ఏటా బతికున్నట్టు జీవన్ ప్రమాణ్ పత్రం ఇచ్చే వీలు ముసలి పింఛనుదారులకు పెద్ద ఊరట. కానీ ఆ సౌకర్యం పింఛను మొదలైనవాళ్లకే. పేరు కలవక మొదలే కానివాళ్ల మాటేమిటి? రికార్డ్ ఆఫీసులు ఇంటిపేరుకు వేరే గడి పెట్టాలి. జిల్లా సైనిక బోర్డు ఏడాదికొకసారి తహసీలు సిబ్బందిని కూర్చోబెట్టుకుని, తెలుగు చదవగల ఒక్క గుమాస్తాతో అస్కాలో శిబిరం పెట్టాలి. దీనికి పెద్ద ఖర్చేమీ లేదు.

ఈలోగా సెలవు మీద వచ్చిన తమ్ముళ్లకు ఒక మాట. తిరుగు రైలెక్కేలోపు మీ ఆవిడ ఆధార్, బ్యాంకు పుస్తకం, పిల్లల జనన పత్రాలు పక్కపక్కన పెట్టి పేర్లు చూడండి. యూనిట్‌కు చేరగానే హెడ్ క్లర్క్ దగ్గర కూర్చుని పెళ్లి, పిల్లల పార్ట్ టూ ఆర్డర్లు పడ్డాయో లేదో, గ్రూప్ ఇన్సూరెన్స్ నామినీ ఎవరో అడగండి. ఆర్డరు నంబరూ తేదీ రాసి ఇంటికి పంపండి.