దిగమన్న నోళ్లకు

"సారూ, ఇంకా సైకిలేనా?"

ఈ మాట రోజూ వింటున్న. చాయ్ కొట్టుకాడ, స్టాఫ్‌రూంలో, పెళ్లిళ్లల్ల. అడిగేటోళ్లకు ఇది నవ్వులాట. సైకిల్ ఎక్కడ ఎక్కాలె, ఎక్కడ దిగాలె అన్నది ఊరు మా ఇంటికి నేర్పిన మొదటి పాఠమని వాళ్లకు తెల్వదు.

మాది ఖమ్మం జిల్లాల అడవి అంచు ఊరు. ఊరి చివర మాదిగ గూడెం. మా నాయిన రోడ్డు పనికి కంకర కొట్టిండు, ఎండకాలం తునికాకు కోసిండు. ఆ పైసలతో పాత సైకిల్ కొన్నడు. నన్ను ముందట కడ్డీ మీద కూసోబెట్టుకొని బడికి తీసుకపోయేటోడు. పటేలు ఇంటి అరుగు కనబడంగనే దిగేటోడు. నన్నూ దించేటోడు. చెప్పులు చేతిల పట్టుకొని, సైకిల్ నూక్కుంట పోయి, వేపచెట్టు దాటినంక మళ్లీ ఎక్కేటోడు. రోజూ అదే ఇంటి ముందట గాలెందుకు పోతదో నాకు అర్థం కాకపోయేది. "నాయినా, పంచరైందా?" అని ఒకనాడు అడిగిన. నా మొఖం చూడకుండ "అవును బిడ్డా" అన్నడు.

తర్వాత అమ్మ చెప్పింది, ఆ ఇంటి ముందు మనం ఎక్కి పోవద్దని. ఎవరన్నరే అని అడిగిన. "ఎవరో అనాల్నా?" అన్నది.

మా ఇంట్ల డిగ్రీ చదివిన మొదటోణ్ని నేను. 2012 డీఎస్సీల ఉద్యోగమొచ్చింది. భద్రాచలం దిక్కు అడవి లోపలి బడికి వేసిన్రు. అప్పులు తీరినంక మోటార్ సైకిల్ కొన్న. మొదటి రోజే పటేలు ఇంటి ముందు హారన్ కొట్టుకుంట పోయిన. అది తప్పని ఇప్పటికీ అనుకోను. ఆ హారన్ మా నాయిన బాకీ.

కాని ఇంకో సంగతి దాస్తే ఈ రాత అబద్ధమైతది. ఒక వానకాలం పొద్దున బడికి ఆలస్యమైంది. ముందర ఒక కోయ పెద్దమనిషి సైకిల్‌కు కట్టెల మోపు కట్టుకొని పోతున్నడు. హారన్ కొట్టినా జరగలే. "రోడ్డు నీ అయ్యదా?" అని అరిచిన. ఆయన గబుక్కున దిగి, బురదల నిలబడి, తల వంచుకొని దారిచ్చిండు. అట్ల నిలబడే మనిషిని నేను చిన్నప్పటినుంచి ఎరుగుదును. ఆ పొద్దు పిల్లలకు పాఠం చెప్పబుద్ధి కాలే. కులం పటేలు అరుగు మీదనే ఉంటదనుకున్న. ఇంజన్ మీద కూసున్న నా నోట్లె కూడ అది ఉన్నది.

ఆ నెలలనే ఒక సైకిల్ కొన్న. బండి ఇంట్లనే ఉంది, దూరాలకు, దవాఖానకు అదే. బడికి మాత్రం ఆరు కిలోమీటర్లు సైకిలే. ఇగ మాటలు మొదలైనయ్.

ఇసుక లారీ డ్రైవర్ తల బయటపెట్టి "చావాలనుందా?" అంటడు. అన్నా, నువ్వు నిద్రలేక ట్రిప్పుల లెక్కకు తోలుతున్నవని నాకు తెలుసు. నీ కోపం ఓనరు మీద ఉండాలె, నా మీద కాదు. భద్రాద్రి రాముణ్ని చూడబోయే కారు అద్దం దించి "రోడ్డు నీ అయ్యదా?" అంటది. అవును, మా అయ్యదే! ఈ రోడ్డు కంకర కొట్టి చేతులు పగిలింది మా అయ్యకే. మీ అయ్య ఏ రాయి కొట్టిండో చెప్పండి.

స్టాఫ్‌రూం మాట ఇంకా మెత్తగుంటది. "మీవోళ్లకు ఎంత జీతమొచ్చినా బతకడం తెల్వదు." మా నాయిన ఎక్కితే పొగరన్నరు. నేను తొక్కితే పీనాసితనమంటున్నరు. 2023లో హైదరాబాద్ అవుటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిల్ దారి వేసిన్రు, ఎండ తగలకుండ పైన సోలార్ పలకల కప్పు. అక్కడ తొక్కితే ఆరోగ్యం. ఇక్కడ కట్టెల మోపుతో తొక్కితే అడ్డం. సైకిల్ ఒకటే. ఎక్కినోణ్ని బట్టి పేరు మారుతున్నది.

మన గూడెం పెద్దలూ అంటరు, "బిడ్డా, బండి మీద పో, మన పరువు తియ్యకు" అని. వాళ్ల మాట నాకు గుచ్చుకోదు. దిగి నడిచినోళ్లకు బండి ఎంత గౌరవమో నాకు తెలుసు. మన పిల్లలు బుల్లెట్లు కొనాలె, కార్లు కొనాలె. సైకిల్ గొప్పదని నేను ప్రచారం చేస్తలేను. దిగమనే అధికారం ఎవరిదని అడుగుతున్న.

ఈ ప్రశ్న పాతది. 1901లో పిల్లోడైన అంబేడ్కర్ అంటరానోడని తెలిసి బండివాడు తోలనన్నడు. రెట్టింపు కిరాయిచ్చి పిల్లలే తోలుకుంటే పక్కన నడిచిండు. 1929లో చాలీస్‌గావ్‌ల బారిస్టర్ అంబేడ్కర్‌ను ఎక్కించుకోనికి టాంగావాలాలు ఒప్పుకోలేదు. తోలడం రాని మహర్ మనిషి తోలితే బాబాసాహెబ్ కిందపడి కాలు విరిగింది. చదువు పెరిగినా చక్రం మీద కులం దిగలేదు. అందుకే 1989 అత్యాచారాల నిరోధక చట్టాన్ని 2015లో సవరించినప్పుడు సైకిల్ పేరు అందులో రాయాల్సొచ్చింది. దళిత ఆదివాసీలను సైకిల్, మోటార్ సైకిల్ ఎక్కకుండ, చెప్పులు, కొత్తబట్టలు వేసుకోకుండ అడ్డుకుంటే నేరం. 2016 జనవరి 26 నుంచి అది అమల్లో ఉంది. సైకిల్ తొక్కడానికి పార్లమెంటు చట్టం కావల్సిన దేశం మనది!

చట్టం అడ్డుకునే చెయ్యిని పడుతది. మాటను పట్టడం కష్టం. మా బడి పిల్ల ఒకామె మా గూడెమసొంటి గూడెం నుంచే సైకిల్ మీద వచ్చేది. ఆటోవాళ్ల కూతలు, పాటలు. పది రోజులు బడికి రాలే. ఇంటికి పోతే తండ్రి "మాటలు పడలేం సారూ, మాన్పిస్తం" అన్నడు. ఒక్క దెబ్బ లేదు, ఒక్క కేసు లేదు. చదువు మాత్రం ఆగిపోయింది. 1990ల మొదట్ల తమిళనాడు పుదుక్కోట్టైలో అక్షరాలతో పాటు సైకిల్ నేర్చుకున్న వేలమంది ఆడోళ్లు కూడ ఇసొంటి కూతలు పడ్డరు. గుంపుగ తొక్కిన్రు, నోళ్లు మూతబడ్డయ్.

మేమూ అదే చేసినం. పొద్దున ఎనిమిదిన్నరకు నేను ఆ గూడెం మొదట్ల నిలబడుత. ఆ పిల్ల వస్తది, ఆమె ఎనక ఇంకో నలుగురు. కోయ పెద్దమనిషి మనుమడు కూడ వస్తడు. ఆయన్ని క్షమించమని అడిగిన. నవ్వి ఊకున్నడు. ఆ నవ్వు నాకింకా బరువుగనే ఉంది.

విద్యార్థి తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, ఊర్లల్ల సభలు పెట్టేటప్పుడు ఈ చిన్న మాటల లెక్క కూడ తియ్యండి. ఏ ఇంటి ముందు ఎవరు దిగుతున్నరో, ఏ మాటకు ఏ పిల్ల బడి మానుతున్నదో రాయండి. పనిల పనిగ మన నోళ్లు కూడ చూసుకోండి.

మా నాయిన ఇప్పుడు ముసలోడైండు. పోయిన దసరాకు ఆయనను నా సైకిల్ ఎనక కూసోబెట్టుకొని పటేలు వీధిల పోయిన. ఆ ఇల్లు దగ్గరికి రాంగనే నా భుజం తట్టిండు. "ఆపు బిడ్డా, దిగుత."

నేను ఆపలే.