పేరు నాది, పిటిషన్ కంపెనీది

శనివారం తెల్లవారుజామున అలిపిరి పాదాల మండపం దగ్గర అమ్మ కర్పూరం వెలిగిస్తోంది. నా ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. అమెరికా నుంచి మా మేనేజర్. "నీ ఐ-140 డినై అయింది. సోమవారం లాయర్‌తో మాట్లాడదాం."

ముందు 3,550 మెట్లు. గాలిగోపురం దాకా నేను నోరు విప్పలేదు. అక్కడ కూర్చుని నీళ్లు తాగుతుంటే అమ్మే అడిగింది. "ఏమైంది నాయనా? ఉద్యోగం గాని పోయిందా ఏంది?"

పోలేదు. ఈ ఒక్క సంగతి తెలిస్తే సగం భయం తగ్గుతుంది. ఐ-140 అంటే గ్రీన్ కార్డు కోసం మన తరఫున కంపెనీ పెట్టే పిటిషన్. దాన్ని కొట్టేసినంత మాత్రాన హెచ్-1బి రద్దు కాదు. గడువు తేదీ దాకా అదే ఉద్యోగం చేసుకోవచ్చు. నాకు ఆరేళ్లలో ఇంకా రెండేళ్లు మిగిలాయి.

అసలు చిక్కు వేరే ఉంది. కొట్టేసిన ఉత్తరం నాకు రాలేదు, కంపెనీకీ లాయర్‌కీ వెళ్లింది. పేరు నాది, పిటిషన్ వాళ్లది. అప్పీలుకు వెళ్లాలన్నా మామూలుగా సంతకం వాళ్లే పెట్టాలి. కాబట్టి మొదటి పని, మొహమాటం లేకుండా ఆ ఉత్తరం కాపీ అడగండి. ఇవ్వకపోతే కారణమూ తేదీ అయినా చెప్పమనండి.

నా కేసులో కారణం వింటే నవ్వొస్తుంది, ఏడుపూ వస్తుంది. ఉద్యోగానికి రెండేళ్ల అనుభవం కావాలని కంపెనీ రాసింది. బెంగళూరులో నేను చేసిన రెండేళ్లకు నా దగ్గరున్నది రిలీవింగ్ లెటర్ ఒక్కటే. అందులో చేరిన తేదీ, మానేసిన తేదీ ఉన్నాయి. ఏం పని చేశానో ఒక్క ముక్క లేదు. ఆ కంపెనీ ఇప్పుడు మూతపడింది.

ఇక దారులు. మొదటిది, ఐ-290బి ఫారం. నిర్ణయం వచ్చిన 30 రోజుల్లో వేయాలి, ఉత్తరం పోస్టులో వస్తే 33. కొత్త ఆధారాలుంటే కేసు మళ్లీ తెరవమని అడగొచ్చు. చట్టాన్ని తప్పుగా చూశారనుకుంటే మళ్లీ పరిశీలించమనొచ్చు. లేదా అడ్మినిస్ట్రేటివ్ అప్పీల్స్ ఆఫీస్‌కి వెళ్లొచ్చు.

రెండోది, లోపం సరిదిద్ది కొత్త ఐ-140 వేయడం. లేబర్ సర్టిఫికేషన్ వచ్చాక దాన్ని 180 రోజుల్లో వాడాలి. నా దానికి ఇంకా 24 రోజులుంది. అది దాటితే ఏం చేయాలో లాయర్‌ని ముందే అడిగి ఉంచుకోవాలి.

మూడోది, వేరే కంపెనీ. కానీ ఐ-140 అప్రూవ్ అయితేనే ప్రయారిటీ డేట్ మనతో వస్తుంది. డినై అయినదాంతో ఏమీ రాదు. ఇండియా వాళ్ల క్యూ ఏళ్ల తరబడి సాగేది కాబట్టి ఇది చిన్న నష్టం కాదు.

నాలుగోది, కంపెనీ లేకుండా సొంతంగా వేసుకునే ఈబీ-1ఏ, నేషనల్ ఇంటరెస్ట్ వైవర్. నిజంగా చెప్పుకోదగ్గ పని ఉన్నవాళ్లకే అవి. డబ్బులిస్తే అవార్డులు, పేపర్లు ఇప్పిస్తామనే వాళ్ల జోలికి పోకండి.

ఆరో ఏడులో ఉన్నవాళ్లు మాత్రం ఒక్కరోజు కూడా ఆగకూడదు. లేబర్ వేసి 365 రోజులు దాటితే హెచ్-1బి ఏడాది చొప్పున పొడిగించే వీలుంది. డినయల్ ఖాయమైతే ఆ వీలు పోతుంది. పెళ్లయినవాళ్ల ఇంట్లో ఇంకో దెబ్బ కూడా ఉంది. హెచ్-4 మీద ఉద్యోగం చేయాలంటే సాధారణంగా ఐ-140 అప్రూవ్ అయి ఉండాలి. కంపెనీ లాయర్ మొదట కంపెనీకి లాయర్. కాబట్టి ఒక గంటకైనా సొంత లాయర్‌ని పెట్టుకుని మీ కాగితాలు చూపించండి.

కొండ దిగాక మా పాత టీమ్ లీడ్‌కి ఫోన్ చేశాను. కంపెనీ లెటర్ దొరకనప్పుడు, కలిసి పనిచేసినవాళ్లు ప్రమాణపత్రం రాసిస్తే ఆధారంగా చూపించుకోవచ్చు. ఆరేళ్ల తర్వాత చేస్తున్నా విసుక్కోలేదు. "డ్రాఫ్ట్ పంపరా, నోటరీ చేయించి పంపిస్తా" అన్నాడు. అది ఒప్పుకుంటారో లేదో ఈ 24 రోజుల తర్వాతి సంగతి.

ఈ వారం మీలో ఎవరైనా ఉద్యోగం మానేస్తుంటే ఒక్క పని చేయండి. మీరు చేసిన పని వివరంగా రాసి, రాసినవాళ్ల పేరు, హోదా, అడ్రస్ ఉన్న లెటర్ తీసుకునే బయటికి రండి. అమెరికాకి వెళ్లే ఆలోచన లేకపోయినా సరే. అప్పట్లో నాకూ లేదు.

అమ్మ రాత్రి మళ్లీ అడిగింది. "ఒకవేళ కాలేదనుకో, ఈడికే వొచ్చేస్తావా?"

ఆ గొంతులో బాధ ఎంతో, ఆశ ఎంతో నాకు తెలియలేదు. "వస్తే ఏమంటావ్?" అన్నాను.

"ఏమంటాను? నీ రూము అట్లనే ఉండాది" అంది.

నా లిస్టులో ఐదో దారి రాసుకున్నాను.