పేరులేని వ్యాధి

బిడ్డ జబ్బుపడినప్పుడు తల్లిదండ్రులు వైద్యుని అడుగు మొదటి ప్రశ్న యొక్కటే: "ఇది యే జబ్బండీ?" ఆ ప్రశ్నకు సమాధానము లభించినచో భయము సగము తీరును. జబ్బు కఠినమైనదే కావచ్చును, మందులేనిదే కావచ్చును. అయినను దానికొక పేరున్నది, దాని నడక తెలిసినవారున్నారు, ఇదివరకు అది వచ్చిన బిడ్డలున్నారు అను తెలివి మనుష్యునికి ఊతకర్ర వంటిది. ఆ ఊతయు లేక, సంవత్సరముల కొలది బిడ్డను చంకనెత్తుకొని ఆసుపత్రి నుండి ఆసుపత్రికి తిరుగు సంసారములు మన పట్టణములలోను పల్లెలలోను ఎన్నియో కలవు. వారిని గూర్చి ఈ వారము పాఠకులకు విన్నవింపదలచితిమి.

అట్టి యింటి సంగతి ఎరుగనివారికి కొంత చెప్పవలసియున్నది. పుట్టినప్పుడు బిడ్డ అందరి బిడ్డలవలెనే యుండును. ఆరవ నెల వచ్చినను మెడ నిలుపడు. ఏడాది దాటినను కూర్చుండడు. లేదా నేర్చిన మాటలనే ఒకటొకటిగా మరచిపోవును. కారణము తెలియని మూర్ఛలు వచ్చును. ఊరి వైద్యుడు బలహీనత యనును. పెద్ద ఆసుపత్రిలో ఎదుగుదల తక్కువ యందురు. అది లక్షణమును వర్ణించుటయే గాని కారణమును చెప్పుట గాదు. అక్కడి నుండి విశాఖకో, గుంటూరుకో, హైదరాబాదుకో ప్రయాణము. ప్రతిచోట మరల మొదటి నుండి రక్తపరీక్షలు, స్కానులు. సంచిలోని కాగితముల కట్ట మాత్రము పెరుగుచుండును. తండ్రికి కూలి పోవును. తల్లి మెడలోని బంగారము తాకట్టుకు పోవును. కట్టకడపట "అన్ని పరీక్షలును సరిగానే యున్నవి, ఏమియు తేలలేదు" అను మాట వినబడును. ఒడిలోని బిడ్డ సరిగా లేకుండగా కాగితములు మాత్రము సరిగా నున్నవని విన్న తల్లి ఆ రాత్రి బస్సులో ఏ మనస్సుతో ఇల్లు చేరునో పాఠకులే ఊహింతురు గాక.

వైద్యము పేరు పెట్టలేనిచోట లోకము పేరు పెట్టును. బాలగ్రహమనును, గ్రహణవేళ గర్భిణి బయటికి వచ్చినదనును, పూర్వజన్మకర్మ యనును. తాయెత్తులు వచ్చును, దిష్టితీతలు జరుగును. అత్తవారు కోడలి పుట్టింటి వంశమును తప్పుపట్టుదురు. పెండ్లిపేరంటములకు పిలుపులు తగ్గును. తెలియని కీడునకు నేరస్థుని వెదకుట మన సంఘమునకు పాత యలవాటు. ఆ నేరము ప్రాయికముగా తల్లి మీదనే పడును. శాస్త్రము చెప్పునది వేరు. ఇట్టి వ్యాధులలో అనేకమునకు మూలము జన్యువులలోని మార్పు. కొన్నింట అది తల్లి నుండి యొకటి, తండ్రి నుండి యొకటి సమానముగా వచ్చును. కొన్నింట తలిదండ్రు లిరువురియందును లేక బిడ్డయందే క్రొత్తగా పుట్టును. ఏ దారిని వచ్చినను అది యొకరు కోరి చేసిన తప్పు కాదు.

ఒక వ్యాధికి పేరు దొరకుటకు ఎంత పట్టుదల కావలసివచ్చెనో తెలుపు చరిత్ర యొకటి నార్వే దేశమున జరిగినది. బోర్గ్నీ ఏగెలాండు అను తల్లికి ఇరువురు బిడ్డలు. ఇరువురికిని పుట్టిన పిమ్మట బుద్ధియెదుగుదల నిలిచిపోయెను. కూతురికి కొద్ది మాటలే వచ్చెను. కొడుకు నడువలేదు, పలుకలేదు. ఆమె యెందరో వైద్యులను చూచెను. బిడ్డల యొంటి నుండి యొక వింత వాసన వచ్చుచున్నదని చెప్పెను. ఎవరును చెవిని బెట్టలేదు. తుదకు 1934లో ఓస్లో నగరమున ఆస్‌బ్యోర్న్ ఫోలింగు అను వైద్యుడు ఆమె మాట వినెను. ఆయన రసాయనశాస్త్రము కూడ చదివినవాడు. బిడ్డల మూత్రమున ఫెరిక్ క్లోరైడు కలుపగా తాను ఎదురుచూడని ఆకుపచ్చ రంగు కనబడెను. మందుల వలన నేమోయని మందులన్నియు ఒక వారము మాన్పించి మరల పరీక్షించెను. మరల అదే రంగు. ఆ పదార్థమేదో తేల్చుటకు ఆ తల్లి సుమారు 20 లీటర్ల మూత్రమును తెచ్చి యిచ్చెను. ఫోలింగు దానిని ఫినైల్ పైరువిక్ ఆమ్లముగా గుర్తించెను. పిమ్మట శరణాలయములలోని 430 మందిని పరీక్షింపగా 8 మందికి అదే వ్యాధి బయటపడెను. నేడు ఫినైల్ కీటోన్యూరియా యని వైద్యలోకమెల్ల ఎరిగిన వ్యాధి యదియే.

ఆ పేరు ఆ తల్లి బిడ్డలకు అక్కరకు రాలేదు, అప్పటికే ఆలస్యమైపోయెను. కాని 1953లో ఇంగ్లండులోని బర్మింగుహాము వైద్యులు ఫినైల్ అలనైను తగ్గించిన ఆహారముతో ఒక బాలికకు మేలు కలుగుట చూపిరి. 1960 తరువాతి తొలి సంవత్సరములలో రాబర్టు గత్రీ అను అమెరికా శాస్త్రజ్ఞుడు శిశువు మడమ నుండి తీసిన నెత్తుటి బొట్టుతో ఈ వ్యాధిని కనుగొను పద్ధతిని నెలకొల్పెను. ఆయనయు బుద్ధిమాంద్యము గల కుమారుని తండ్రియే. పుట్టిన కొన్ని దినములలో కనిపెట్టి ఆహారము మార్చినచో అట్టి బిడ్డ నేడు అందరితోపాటు బడికి పోవును. ఇదంతయు ఒక తల్లి విడువక అడిగిన ప్రశ్నకు వచ్చిన ఫలము. అయితే ప్రతి తల్లియు బోర్గ్నీ ఏగెలాండు కావలయునా? ఫోలింగు వంటి వైద్యుడు తటస్థపడని బిడ్డ గతి యేమి?

పేరు వలన కలుగు మేలు మాటలతో పోవునది కాదు. కొన్ని వ్యాధులకు మందు మిక్కిలి చవుక. పుట్టుకతో థైరాయిడు లోపించిన శిశువునకు మొదటి వారములలో దినమున కొక చిన్నమాత్ర ఆరంభించినచో మెదడు చెడక నిలుచును. నెలలు గడచిన తరువాత నిచ్చినచో పోయిన బుద్ధి తిరిగి రాదు. బయోటినిడేజు లోపము గల బిడ్డకు బయోటిను అను విటమినే మందు. మందులేని వ్యాధి యైనను పేరు తెలిసినచో అనవసరపు పరీక్షలు ఆగును. రాబోవు చిక్కులకు ముందే జాగ్రత్తపడవచ్చును. అన్నిటికంటె ముఖ్యమైనది తరువాతి కాన్పు. తలిదండ్రు లిరువురి నుండియు సంక్రమించు వ్యాధి యైనచో ప్రతి గర్భమునందును నాలుగింట నొకవంతు అపాయము గలదు. మార్పు ఏ జన్యువునందున్నదో తెలిసిననే గర్భస్థశిశువును పరీక్షించుట సాధ్యము. పేరు తెలియని దంపతులు మరియొక బిడ్డను కోరుటకు భయపడుదురు, కోరకుండుటకు ఏడ్తురు.

ఇక రాజ్యము సంగతి. 2021లో భారతప్రభుత్వము అరుదైన వ్యాధుల జాతీయ విధానమును ప్రకటించినది. మొదట ఎనిమిది విశిష్ట కేంద్రములను గుర్తించినది, హైదరాబాదులో డి.ఎన్.ఏ. ఫింగర్‌ప్రింటింగు డయాగ్నస్టిక్సు కేంద్రమును, నిమ్సు ఆసుపత్రియు కలిసి యొకటి. 2022లో రోగి యొక్కనికి 50 లక్షల రూపాయల వరకు సహాయమును పెంచినది. ఇవి మంచి పనులే, మేము హర్షింతుము. కాని ఆ సహాయము జాబితాలోని వ్యాధులకే. 63 వ్యాధులు ఆ జాబితాకెక్కినవి. జాబితాకు ఎక్కవలెనన్న ముందు పేరుండవలెను గదా!

మేము న్యాయస్థానముల వ్యవహారము ఎరిగినవారము గనుక ఒక ఉదాహరణము చెప్పెదము. 2014లో ఢిల్లీ ఉన్నత న్యాయస్థానము గౌషే వ్యాధి గల ఒక రిక్షా కార్మికుని కుమారునికి ఉచితముగా చికిత్స చేయింపవలసినదని ఢిల్లీ ప్రభుత్వమును ఆదేశించినది. డబ్బు లేదను కారణమున బీదబిడ్డ ప్రాణమును విడిచిపెట్టరాదనుట ఆ తీర్పు సారము. అది గొప్ప తీర్పే. కాని ఆ బాలుని వ్యాధికి పేరుండెను, ఆ పేరునకు మందుండెను. అందుచేత వ్యాజ్యము నిలిచెను. పేరులేని వ్యాధి గల బిడ్డ తరఫున మేమే వకాల్తు వేసినను, ఏ మందునకై ప్రార్థింపగలము? ఏ జాబితాను చూపగలము? అట్టి బిడ్డ న్యాయస్థానపు గడపవరకైనను రాలేడు.

క్షయ, మలేరియా మొదలగునవి పీడించు దేశమున కొద్దిమంది కొరకు ఇంత ఆర్భాటమేల యని కొందరు పెద్దలు ప్రశ్నింతురు. అరుదైన వ్యాధి ఒక్కొక్కటి కొద్దిమందికే వచ్చుననుట నిజమే. కాని అట్టివి వేలకొలది యున్నవి. అన్నియు కలిసి ప్రపంచమున సుమారు 30 కోట్ల మందిని పట్టియున్నవని లెక్క. అంతమందిని కొద్దిమంది యనుట ఎట్లు?

మరియొకరు, పరీక్షలు చేయించి పేర్లు కనుగొన్నచో సమస్య తీరును గదా యందురు. అదియు పూర్తిగా నిజము కాదు. బ్రిటనులోను ఐర్లండులోను సుమారు 13,500 కుటుంబముల బిడ్డలను అత్యాధునిక జన్యుపరీక్షలతో శోధించిన యొక బృహత్ప్రయత్నపు ఫలితములు 2023లో వెలువడినవి. జవాబు దొరికినది సుమారు 5,500 మంది బిడ్డలకు మాత్రమే. అంతటి సంపన్న దేశమున, అంతటి శాస్త్రబలముతో, సగము కంటె హెచ్చుమంది పేరులేకయే మిగిలిరి. కావున పేరు తెలిసిన తరువాతనే ఆదరింతుమను రాజ్యము వారిలో సగము మందిని ఎన్నటికిని ఆదరింపదన్నమాట. పేరును వెదకుట శాస్త్రజ్ఞుని పని. అది దొరకువరకు బిడ్డను, ఆ యింటిని నిలబెట్టుట రాజ్యము పని. మొదటిది ఆలస్యమైనదని రెండవది ఆపుట అన్యాయము.

ఈ విషయమున స్వావలంబన యొక్క అవసరమును కూడ గుర్తింపవలెను. ఇతర దేశస్థుల జన్యువులతో కూర్చిన పట్టికలను బట్టి మన బిడ్డల పరీక్షలను చదువుచున్నంతకాలము, కనబడిన మార్పు రోగకారణమో, మనవారిలో సహజముగా నుండునదో తేలక "అనిశ్చితము" అను ముద్రయే పడును. మనది తరతరములుగా కులములోపలనే వివాహములు జరిగిన దేశము. మన తెలుగునాట మేనరికములును హెచ్చు. అందుచేత కొన్ని మార్పులు కొన్ని సమూహములందే నిలిచియున్నవని హైదరాబాదులోని సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు పాల్గొన్న పరిశోధన 2017లో విశదపరచినది. మన దేశీయుల పదివేల జన్యుపటములను సిద్ధపరచిన జీనోమ్ ఇండియా ప్రయత్నము ఈ లోటును తీర్చుటకు మంచి ఆరంభము. ఆ విజ్ఞానము ప్రయోగశాలను దాటి జిల్లా ఆసుపత్రిలోని తల్లి చేతికి అందవలెను.

ఉభయ తెలుగు రాష్ట్రముల ప్రభుత్వములకు మా విన్నపములు ఇవి. సహాయపు దరఖాస్తులలో "వ్యాధి ఇంకను నిర్ణయింపబడలేదు" అను వర్గమును అంగీకరించి, పేరును బట్టి గాక బిడ్డ అవసరమును బట్టి పింఛనును, ప్రయాణపు ఖర్చును, వ్యాయామచికిత్సను ఈయవలెను. ప్రభుత్వాసుపత్రిలో పుట్టిన ప్రతి శిశువునకు మడమ నెత్తుటి పరీక్ష జరుగవలెను. ఒకచోట చేసిన పరీక్షను మరియొకచోట గౌరవించి, తల్లి మోయుచున్న కాగితముల కట్టను తేలిక చేయవలెను. పేరు తెలియకయే బిడ్డ మరణించు స్థితి వచ్చినచో, ఆ డి.ఎన్.ఏ. నమూనాను భద్రపరచు అవకాశమును తలిదండ్రులకు తెలుపవలెను. నేడు దొరకని జవాబు రేపు దొరకవచ్చును, రాబోవు బిడ్డకు రక్షణ కావచ్చును.

ప్రభుత్వము చేయువరకు మనము చేయగల పనులును లేకపోలేదు. ఈ పత్రికను పఠనమందిరమున చదువుచున్న సోదరులారా! మీ వీధిలో అట్టి యిల్లొకటి యుండియే తీరును. ఆసుపత్రికి పోవు దినమున పెద్దబిడ్డను మీ యింట నుంచుకొనుడు. ఆ తల్లి కాగితములను తేదీల వరుసన కట్టి యిచ్చుటకు చదువుకొన్న మీ కొక గంట చాలును. పెండ్లికి పిలుచునప్పుడు ఆ యింటిని విడువకుడు. బిడ్డను కూడ తీసికొని రమ్మని చెప్పుడు. "ఏమి జబ్బు?" అని అడిగి ఆమెను నొప్పింపక, "ఈ పూట యెట్లున్నాడమ్మా?" అని అడుగుడు. జబ్బునకు పేరు లేకపోవచ్చును గాని ఆ బిడ్డకు పేరున్నది. ఆ పేరుతో వానిని పిలువుడు.