ధర చెప్పిన తరువాత పుట్టే ఖర్చులు

కొత్త కారు కొనాలని ఒక కుటుంబం నిశ్చయించుకున్నప్పటి నుండి ఆ కారు ఇంటి ముందుకు వచ్చి నిలిచే వరకు దాని ధర మూడుసార్లు మారుతుంది. పత్రికా ప్రకటనలో ఒక అంకె కనిపిస్తుంది. షోరూములో కూర్చున్నాక ఇచ్చే కొటేషన్‌లో రెండవ అంకె ఉంటుంది. అడ్వాన్సు చెల్లించి, రోజులు లెక్కపెట్టుకుని, పిల్లలకు కొత్త బట్టలు తొడిగి తీసుకువెళ్ళిన రోజున క్యాషియరు చెప్పేది మూడవ అంకె. మొదటి రెండింటి మధ్య ఉన్న దూరంలో అధిక భాగం ప్రభుత్వానికి చేరే పన్ను. దానిని గురించి ఫిర్యాదు చేసి ప్రయోజనం లేదు. రెండవ అంకెకూ మూడవ అంకెకూ మధ్య ఉన్న దూరాన్ని గురించే ఈ నెల కొంత వివరంగా ముచ్చటించుకుందాం. (కట్నం పేరిట కొనే కార్ల ప్రస్తావన ఇక్కడ ఉద్దేశపూర్వకంగానే ఎత్తడం లేదు. అది వేరొక వ్యాధి.)

మన కుటుంబాలలో వడ్డీకి దూరంగా ఉండాలన్న పట్టుదలతో అయిదారేళ్ళు పొదుపు చేసి, ఒక్కసారిగా మొత్తం చెల్లించి వాహనం కొనేవారు ఇప్పటికీ ఉన్నారు. ఇల్లాలి గాజులు, పెద్దాయన పదవీ విరమణ సొమ్ము, గల్ఫ్‌లో ఉన్న తమ్ముడు పంపిన డబ్బు కలిస్తేనే ఆ మొత్తం సమకూరుతుంది. అటువంటి చోట ముప్పై నలభై వేల రూపాయలు చిన్న మొత్తమేమీ కాదు. ఒక విద్యార్థి ఏడాది ఫీజు అందులో గడిచిపోవచ్చు. అయినప్పటికీ ఏడెనిమిది లక్షలు లెక్కపెట్టి ఇచ్చే క్షణంలో ఆ ముప్పై వేలు మన కంటికి ఆనవు. అదనపు రుసుముల వ్యాపారం అంతా ఈ బలహీనత మీదనే నిలిచి ఉంది.

మొదట న్యాయమైన ఖర్చేదో తెలుసుకుంటే తక్కినది దానంతట అదే విడిపోతుంది. ఎనిమిది లక్షల రూపాయల ఎక్స్‌షోరూమ్ ధర గల ఒక చిన్న పెట్రోలు కారును ఉదాహరణగా తీసుకుందాం. ఈ ధరలో జీఎస్టీ ఇమిడే ఉంటుంది. నాలుగు మీటర్లకు మించని పొడవు, 1200 సీసీకి మించని ఇంజను గల పెట్రోలు కార్లపై ఆ పన్ను 2025 సెప్టెంబర్ 22 నుండి 18 శాతం. అంతకు ముందు 28 శాతానికి తోడు సెస్సు కూడా ఉండేది. ఎక్స్‌షోరూమ్ ధరలో డీలరు లాభం కూడా ఉంటుంది. కారును కర్మాగారం నుండి తెప్పించడం, అప్పగించే ముందు కడిగి, తుడిచి, పరీక్షించడం కూడా సాధారణంగా ఈ ధరలోనివే. ఈ మాటను గుర్తుంచుకోవాలి, మళ్ళీ దీనితో పని పడుతుంది.

దాని తరువాత పెద్ద మొత్తం రాష్ట్ర ప్రభుత్వపు జీవితకాల పన్ను. తెలంగాణలో అయిదు లక్షలకు పైబడి పది లక్షల లోపు ధర గల కారుకు ఇది 14 శాతం. అంటే మన ఉదాహరణలో 1,12,000 రూపాయలు. కారు రిజిస్ట్రేషన్‌కు కేంద్ర నిబంధనల ప్రకారం రుసుము కేవలం 600 రూపాయలు, కార్డుకు 200 రూపాయలు. బ్యాంకు అప్పుతో కొన్నట్లయితే ఆ అప్పును రిజిస్ట్రేషన్ పత్రంలో నమోదు చేయడానికి మరొక 1500 రూపాయలు. అప్పు లేకుండా కొనేవారికి ఈ చివరిది వర్తించదు. అయినా కొటేషన్ పత్రం ముందుగా అచ్చువేసి ఉంచినదైతే ఆ వరుస అందులో అలాగే ఉండిపోయే అవకాశం ఉంది. ఒకసారి చూసుకోవడం మంచిది. ఇక రిజిస్ట్రేషన్ అన్న ఒక్క పదం ఎదుట ఎనిమిది వేలో పది వేలో వేసి ఉంటే, ప్రభుత్వ రుసుము ఎంత, తక్కినది ఎవరికి అని అడగడానికి సంకోచించనవసరం లేదు.

బీమా విషయంలో మన పాఠకులకు ప్రత్యేక శ్రద్ధ అవసరం. వాణిజ్య బీమాను గురించి ధర్మవేత్తల మధ్య ఉన్న చర్చ తెలిసినదే. కాబట్టి చట్టం నిర్బంధించేది ఎంత, మన ఇష్టానికి వదిలినది ఎంత అన్న భేదం స్పష్టంగా తెలిసి ఉండాలి. మన వాహనం వలన ఇతరులకు కలిగే నష్టానికి ఉద్దేశించిన థర్డ్ పార్టీ బీమా మాత్రమే చట్టరీత్యా తప్పనిసరి. సుప్రీంకోర్టు ఆదేశం మేరకు 2018 సెప్టెంబర్ 1 నుండి కొత్త కారుకు దానిని మూడేళ్ళకు ఒకేసారి తీసుకోవాలి. 2022లో ప్రకటించిన పట్టికలో ఆ మూడేళ్ళ ప్రీమియం 1000 సీసీ లోపు కారుకు 6,521 రూపాయలు, 1000 నుండి 1500 సీసీ కారుకు 10,640 రూపాయలు. జీఎస్టీ దీనికి అదనం. మన సొంత కారుకు జరిగే నష్టానికి సంబంధించిన బీమా చట్టం విధించినది కాదు (అప్పు ఇచ్చే బ్యాంకు మాత్రం దానిని కోరుతుంది). తీసుకోవాలా, వద్దా, ఎంతకు తీసుకోవాలి అన్నది నష్టభయాన్ని కూడా బేరీజు వేసుకుని కుటుంబం నిర్ణయించుకోవలసిన విషయం. షోరూములో మాత్రం ఈ రెండింటినీ, వాటికి తోడు ఇంజను రక్షణ, తాళంచెవి రక్షణ, టైర్ల రక్షణ వంటి అనుబంధాలను కలిపి ఒకే అంకెగా చూపుతారు. విడివిడిగా వ్రాసి ఇవ్వమని కోరాలి.

బీమా తమ వద్దనే తీసుకోవాలని డీలరు నిర్బంధించరాదని బీమా నియంత్రణ సంస్థ 2017లోనే మార్గదర్శకాలు జారీ చేసింది. బయట తీసుకుంటే నగదు రహిత మరమ్మతు దొరకదని భయపెట్టేవారుంటారు. అది ఆ బీమా కంపెనీకి ఆ వర్క్‌షాపుతో ఒప్పందం ఉందా లేదా అన్నదానిపై ఆధారపడి ఉంటుంది. ఆ సంగతి కంపెనీనే నేరుగా అడిగి తెలుసుకోవచ్చు.

పది లక్షలకు మించిన కారు కొనేవారి వద్ద డీలరు ఒక శాతం టీసీఎస్ వసూలు చేస్తాడు. 2016 జూన్ నుండి ఇది అమలులో ఉంది. ఇది అదనపు ఖర్చు కాదు, మన పాన్ సంఖ్య మీద ప్రభుత్వం వద్ద జమపడే ముందస్తు పన్ను. ఆదాయపు పన్ను రిటర్ను దాఖలు చేసినప్పుడు పన్నులో సర్దుబాటు అవుతుంది, లేదా తిరిగి వస్తుంది. అయితే పన్ను కట్టవలసినంత ఆదాయం లేని పెద్దవారి పేరిట కారు కొని, రిటర్ను దాఖలు చేయకుండా ఊరుకుంటే ఆ సొమ్ము చేజారినట్లే. పన్నెండు లక్షల కారుకు అది పన్నెండు వేలు.

ఇక అసలు సంగతికి వద్దాం. ప్రభుత్వపు పన్నులు, బీమా తీసివేసిన తరువాత కాగితం అడుగున మిగిలే వరుసలు కొన్ని ఉంటాయి. హ్యాండ్లింగ్ ఛార్జీలు, లాజిస్టిక్స్, ఫెసిలిటేషన్ ఫీజు, డిపో ఛార్జీలు అంటూ పేర్లు మారుతుంటాయి గానీ ప్రశ్న ఒక్కటే. దేనికి ఈ రుసుము? కారును తెప్పించినందుకా? పరీక్షించి అప్పగించినందుకా? అవి ఎక్స్‌షోరూమ్ ధరలోనివి. రవాణా శాఖకు కాగితాలు పంపినందుకా? అయితే ఆ సేవకు ఇంత అని చెప్పి, జీఎస్టీతో కూడిన రసీదు ఇవ్వాలి. రసీదు ఇవ్వడానికి సందేహించే రుసుమును గురించి మనం ప్రత్యేకంగా పరిశోధించనక్కరలేదు. ఆ సందేహమే సమాధానం.

కిట్ అన్నది రెండవ రకం. కాళ్ళ కింద పట్టాలు, బురద ఆపే రెక్కలు, సీటు కవర్లు, పరిమళపు సీసా కలిపి ఒక మొత్తంగా కడతారు. వీటిలో కొన్ని ఉపయోగకరమైనవే. వాటిని బజారులో మనకు నచ్చిన ధరకు కొనుక్కునే స్వేచ్ఛ మనకు ఉన్నది. గిరాకీ అధికంగా ఉన్న కారైతే, కిట్ తీసుకుంటే ముందుగా ఇస్తామని, లేకుంటే మూడు నెలలు ఆగాలని సూచనప్రాయంగా అంటారు. ఒక సరుకు కావాలంటే మరొక సరుకు కొనితీరాలని షరతు పెట్టడాన్ని 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం నిర్బంధ వ్యాపార పద్ధతుల క్రిందనే పరిగణిస్తుంది. రంగు మీద పూత, అడుగుభాగానికి తుప్పు నిరోధక పూత మూడవ రకం. కర్మాగారంలోనే తుప్పు పట్టకుండా శుద్ధి చేసిన రేకుకు తిరిగి వేల రూపాయలతో పూత అవసరమా అన్నది తీరికగా ఆలోచించుకోవచ్చు. సముద్రతీరపు ఊళ్ళ సంగతి కొంత వేరు. వారంటీ పొడిగింపును కూడా మొదటి రోజే కొనవలసిన తొందర సాధారణంగా ఉండదు. అసలు వారంటీ ముగిసే లోపు తీసుకునే వీలు చాలా కంపెనీలలో ఉంది.

దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం) ఒకనాడు మదీనా బజారులో ధాన్యపు రాశిలో చేయి ఉంచగా అడుగున తడి తగిలిన సంఘటన మన పిల్లలకు కూడా తెలుసు. వానకు తడిసిందని వ్యాపారి చెప్పాడు. తడిసిన ధాన్యాన్ని అమ్మవద్దని ఆయన అనలేదు, జనం చూసేలా దానిని పైన ఎందుకు ఉంచలేదని అడిగారు. షోరూము కాగితానికి ఈ సంఘటన ఎంతగా వర్తిస్తుందో చూడండి. డీలరు తన సేవకు రుసుము తీసుకోవడం తప్పని ఎవరూ అనరు. అది కాగితం పైభాగంలో, అడ్వాన్సు తీసుకోక ముందే, పేరుతో సహా కనిపించాలి. అమ్మకం కుదిరే నాటికి ధర ఉభయులకూ తెలిసి ఉండాలన్నది మన ధర్మశాస్త్రవేత్తలు వాణిజ్య అధ్యాయాలలో మొట్టమొదట చర్చించే షరతులలో ఒకటి. అడ్వాన్సు చెల్లించి, వేరొక షోరూముకు వెళ్ళే దారి మూసుకున్నాక బయటపడే రుసుము అడుగున దాచిన తడే.

ఈ తడి మన దేశపు అంగడికే పరిమితం కాదు. అమెరికాలో స్థిరపడిన మన పిల్లలు కారు కొనేటప్పుడు డాక్యుమెంట్ ఫీజు పేరిట ఇటువంటిదే చెల్లిస్తుంటారు. కాలిఫోర్నియాలో చట్టం దానిని 85 డాలర్లకు పరిమితం చేసింది. ఫ్లోరిడాలో పరిమితి లేదు. కొనుగోలుదారు స్పష్టమైన సమ్మతి లేకుండా ఏ రుసుమూ వేయరాదని అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2023 డిసెంబరులో ఒక నియమం చేయగా, డీలర్ల సంఘాలు న్యాయస్థానానికి వెళ్ళాయి. 2025 జనవరిలో న్యాయస్థానం ఆ నియమాన్ని కొట్టివేసింది. సమ్మతి అడగడం కూడా భారంగా తోచిందంటే, అడగకుండా తీసుకునే దానిలో ఎంత లాభముందో ఊహించుకోవచ్చు.

నగదుకు కొనేవారికి ఒక వింత అనుభవం ఎదురవుతుంది. మొత్తం ఒకేసారి ఇస్తామంటే సంతోషించవలసింది పోయి షోరూమువారు చిన్నబుచ్చుకుంటారు. అప్పు ఇప్పిస్తే వచ్చే కమిషన్ వారికి పోతుంది మరి. అప్పు తీసుకుంటే తగ్గింపు ఎక్కువని, తరువాత ముందుగానే తీర్చేయవచ్చని సలహా కూడా ఇస్తారు. వడ్డీ వద్దనుకున్నవారు ఆ మాట మొదటి రోజే స్థిరంగా చెప్పి, నగదు కొనుగోలుకు తుది ధర ఎంతో వ్రాయించుకోవాలి. నగదు అంటే నోట్ల కట్టలని కాదు. ఒక వ్యవహారంలో రెండు లక్షలు, అంతకు మించి నోట్ల రూపంలో స్వీకరించడాన్ని ఆదాయపు పన్ను చట్టం 2017 నుండి నిషేధించింది. బ్యాంకు ద్వారా చెల్లిస్తే మన వద్ద కూడా రుజువు ఉంటుంది.

అడగడానికి మనవారు సిగ్గుపడతారు. శుభకార్యం నాడు పేచీ ఎందుకని పెద్దలు, పరువు పోతుందని యువకులు మౌనం వహిస్తారు. నేను చూసినంతలో ఈ విషయంలో ఇంటి స్త్రీలే ధైర్యవంతులు. కాగితం మీద వేలు పెట్టి, “బేటా, ఇది దేనికి?” అని ఒక తల్లి అడిగితే, “అందరూ కడుతున్నారమ్మా” అన్న సమాధానం ఎంతో సేపు నిలవదు. అయితే ఆ బేటాను గురించి కూడా ఒక మాట చెప్పాలి. షోరూములలో అమ్మకం పనిలో ఉన్నవారిలో మన యువకులు చాలామంది ఉన్నారు. స్వల్ప జీతం మీద, బీమా ఎన్ని చేయించావు, కిట్లు ఎన్ని అమ్మావు అన్న నెలవారీ లెక్కల మధ్య పని చేస్తారు. రుసుము నిర్ణయించినది వారు కాదు. వారి మీద కేకలు వేయడం అన్యాయం, మేనేజరుతో మాట్లాడడమే పద్ధతి. అదే సమయంలో ఆ యువకునికి కూడా ఒక మార్గం తెరిచే ఉంది. ఏది తప్పనిసరి, ఏది ఐచ్ఛికం అన్నది కొనుగోలుదారు అడగక ముందే చెప్పడాన్ని ఏ యజమానీ బహిరంగంగా నిషేధించలేడు. ఆ ఒక్క మాట చెప్పే అబ్బాయిని వెదుక్కుంటూ బంధువులు, ఇరుగుపొరుగువారు వస్తారు.

అడ్వాన్సు చెల్లించే ముందు ప్రతి వరుస విడివిడిగా ఉన్న కొటేషన్‌ను సంతకం, ముద్రతో తీసుకోండి. అడ్వాన్సు తిరిగి ఇచ్చే షరతులు అందులోనే వ్రాయించుకోండి. ఇద్దరు ముగ్గురు డీలర్ల వద్ద అదే కారుకు కొటేషన్ తీసుకుని పక్కపక్కన పెడితే ఎక్స్‌షోరూమ్ ధర, పన్ను ఒకేలా ఉంటాయి. తేడా కనిపించిన వరుసలే బేరమాడవలసినవి. అప్పగింత రోజున ఇన్వాయిస్‌లోని ధర కొటేషన్‌తో సరిపోయిందా, కారు తయారైన నెల, సంవత్సరం ఏమిటి అన్నవి చూశాకనే తుది చెల్లింపు చేయండి. అప్పటికీ రసీదు లేని రుసుము చెల్లించక తప్పకపోతే, చెల్లించినట్లు రుజువు ఉంచుకుని జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రానికి 1915 సంఖ్యపై ఫిర్యాదు చేయవచ్చు. అక్కడ తేలకుంటే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉన్నది. చెల్లించిన ధర అయిదు లక్షల లోపు అయితే ఫిర్యాదుకు రుసుము లేదు, పది లక్షల వరకు 200 రూపాయలు, ఇరవై లక్షల వరకు 400 రూపాయలు. న్యాయవాది లేకుండా స్వయంగా వాదించుకోవచ్చు. గడువు రెండేళ్ళు కనుక ఆ కాగితాలను కనీసం అంతవరకు కారు తాళంచెవుల పక్కనే భద్రపరచండి.