వజ్రాల చేను, పాటల చేను

కొంచెం పెద్ద పోస్టు. తీరిక చేసుకుని చదవండి.

మన హాస్టళ్లలో రాత్రి అన్నాలు తిన్నాక ఈ మధ్య ఒకటే చర్చ. నెక్స్ట్ మంగ్లీ ఎవరు? ఒకడు పత్తికొండ పక్క తండా పిల్ల పాడిన వీడియో చూపిస్తాడు. ఇంకొకడు రాయచోటి పిలగాడి డీజే పాట పెడతాడు. "రాసిపెట్టుకో, ఏడాది తిరిగేలోపు సినిమాలో పాడతాడు" అని పందేలు. మేమూ కాసినోళ్లమే. ఇంతవరకు ఒక్క పందెం గెలవలేదు.

పందెం ఓడితే పోయేది టీ డబ్బులే కదా అనుకున్నాం. కాదని తెలిసొచ్చింది. మా హాస్టల్ తమ్ముడు ఒకడు, డిగ్రీ రెండో సంవత్సరం. గొంతు బాగుంటుంది. నువ్వే నెక్స్ట్ అని అందరం ఎక్కించినాం. పరీక్షలు వదిలేసి, నలభై వేలు వడ్డీకి తెచ్చి పాట షూట్ చేయించుకున్నాడు. చానల్ వాళ్లు పెట్టిన కాగితం మీద చదవకుండానే సంతకం పెట్టినాడు. పాటకు వ్యూస్ బాగానే వచ్చినాయి. డబ్బు చానల్ ఖాతాలో పడింది. పాట కింద వాని పేరు కూడా లేదు. ఈ సీజన్‌లో అమ్మానాయనలతో కలిసి గుంటూరు పక్క మిరపకాయ కోతకు పోయినాడు, అప్పు తీర్చడానికి. జోస్యం చెప్పినోళ్లలో మేమూ ఉన్నాం. అందుకే ఇది రాస్తున్నాం.

అసలు ఎవరు హిట్ అవుతారో ముందే చెప్పడం ఎవరికైనా చేతనవుతుందా? 1962లో లండన్‌లో డెక్కా కంపెనీ ఒక బృందాన్ని ఆడిషన్ చేసి వద్దని పంపేసింది. ఆ బృందం పేరు బీటిల్స్. పాటల వ్యాపారమే పనిగా ఉన్నోళ్ల అంచనా అది.

2006లో అమెరికాలో కొలంబియా యూనివర్సిటీ పరిశోధకులు ఒక ప్రయోగం ప్రచురించినారు. ఎవరికీ తెలియని బృందాల పాటలు 48 తీసుకుని, 14 వేల మందికి పైగా ఇంటర్నెట్‌లో వినిపించినారు. కొందరికి పాటలు మాత్రమే ఇచ్చినారు. మిగతావాళ్లను ఎనిమిది గుంపులు చేసి, తమ గుంపులో ఏ పాటను ఎంతమంది డౌన్‌లోడ్ చేసుకున్నారో కూడా చూపించినారు. ఒకే పాట ఒక గుంపులో మొదటి స్థానానికి పోయింది, ఇంకో గుంపులో 40వ స్థానంలో పడింది. మరీ మంచి పాట అడుగుకు పోవడం, మరీ చెత్త పాట పైకి రావడం అరుదు. మధ్యలో ఉన్న పాటలకు మాత్రం ఏదైనా జరగొచ్చు. మొదట్లో నలుగురు నొక్కితే, వాళ్లను చూసి నలభై మంది నొక్కుతారు. ఆ మొదటి నలుగురు ఎవరన్నది గొంతు చేతిలో లేదు.

మంగ్లీ అక్కనే తీసుకుందాం. గుత్తి దగ్గర బసినేపల్లి తండా బిడ్డ, అసలు పేరు సత్యవతి రాథోడ్. తిరుపతి ఎస్వీ యూనివర్సిటీలో సంగీతం నేర్చుకుంది. జనానికి మొదట తెలిసింది గాయనిగా కాదు, వి6 చానల్ తీన్మార్ వార్తల్లో తెలంగాణ యాసలో మాట్లాడే యాంకర్‌గా. ఆ తర్వాత బతుకమ్మ పాటలు, ప్రైవేటు పాటలు. "అల వైకుంఠపురములో" 2020లో వచ్చింది, "లవ్ స్టోరీ" 2021లో. అదే ఏడాది చెల్లెలు ఇంద్రావతి చౌహాన్ "పుష్ప"లో పాడింది. రాయలసీమ తండా పిల్ల తెలంగాణ యాసతో వార్తలు చెప్పి, అట్లా పాటల్లోకొచ్చి పేరు తెచ్చుకుంటుందని ముందే ఎవరు చెప్పినారు? ఇప్పుడు మాత్రం అందరూ "మాకు అప్పుడే తెలుసు" అంటారు. నాలుగో బోరులో నీళ్లు పడినాక పాయింట్ చూసినాయన చెప్పినట్టు.

మనకు ఇంకా బాగా తెలిసిన సంగతి ఒకటుంది. తొలకరి పడితే తుగ్గలి, జొన్నగిరి చేలల్లో ఎంతమంది తల వంచుకుని వజ్రాలు వెతుకుతారో చూసినాం కదా. కూలి మానుకుని, సద్ది కట్టుకుని, పిల్లల్ని వెంటేసుకుని వస్తారు. ఒక్కరికి దొరికితే పేపర్లో వస్తుంది. దొరకనోళ్ల గురించి ఎవరూ రాయరు. వజ్రాల వ్యాపారి మాత్రం చేలో దిగడు. ఎవరికి దొరుకుతుందో చెప్పాల్సిన పని ఆయనకు లేదు. ఎవరికి దొరికినా తన దగ్గరికే రావాలి, అంతే.

పాటల చానళ్ల లెక్కా ఇదే. వందమంది చేత పాడిస్తారు, ఒక్కటి తగిలితే చాలు. తొంభై తొమ్మిది పోయినా వాళ్లకు నష్టం లేదు, ఎందుకంటే షూటింగ్ ఖర్చు పాడినోడిదే. వాళ్లకు వంద పాటలు. మన పిల్లగానికి ఒకటే బతుకు.

పేరు రావడం వేరు, కూడు రావడం వేరు అని కూడా గుర్తుపెట్టుకోవాలి. కిన్నెర మొగులయ్య తాత 2021లో "భీమ్లా నాయక్" పాటతో ఊరూరా తెలిసిపోయినాడు. 2022లో పద్మశ్రీ ఇచ్చినారు. 2024లో ఆయన కూలి పనికి పోతున్నట్టు వార్తలొచ్చినాయి. అంత కళ, అంత గుర్తింపు ఉన్న మనిషి గతే అదైతే, రెండు లక్షల వ్యూస్ మనల్ని ఏం కాపాడతాయి?

అట్లని పాడొద్దని మేము అనడం లేదు. హోలీకి లెంగీ పాడకుండా, తీజ్‌కు ఆడకుండా తండా ఉంటుందా? నల్లమల గూడేల్లో చెంచు అవ్వలు పాడేవి వినే నాథుడు లేక పోతున్నాయి. అవీ బయటికి రావాలి. మా మాటల్లా ఒకటే. ఎవరు గెలుస్తారో చెప్పడం మానేద్దాం. ఎవరు గెలిచినా, ఓడినా మునిగిపోకుండా చూద్దాం.

దానికి చట్టంలో కొంత ఆసరా ఉంది. కాపీరైట్ చట్టం 1957 నాటిది, 2012లో గట్టి సవరణలు జరిగినాయి. హక్కులు రాసివ్వాలంటే కాగితం మీదే రాయాలి. ఎన్నేళ్లకో రాయకపోతే ఐదేళ్లే చెల్లుతుంది. ఏ ప్రాంతానికో రాయకపోతే ఇండియా వరకే. పాట రాసినోళ్లు, బాణీ కట్టినోళ్లు తమ రాయల్టీ వాటాను కంపెనీకి పూర్తిగా వదిలేసుకున్నట్టు సంతకం పెట్టినా అది చెల్లదు. పాడినోళ్లకు తమ పేరు వేయమని అడిగే హక్కుంది. రాసినోళ్లకు, బాణీ కట్టినోళ్లకు ఐపీఆర్ఎస్, పాడినోళ్లకు ఇసామ్రా (పాత పేరు ఇస్రా) అని రాయల్టీ సంఘాలు ఉన్నాయి. ఇంకోటి, అవ్వల కాలం పాట ఎవరి సొత్తూ కాదు గానీ, దాన్ని రికార్డు చేసినోళ్లకు ఆ రికార్డింగ్ మీద హక్కు వస్తుంది. అందుకే ముందు మనమే రికార్డు చేసుకోవాలి.

కాబట్టి మన గ్రూపులో మూడు పనులు పెట్టుకుందాం. ఒకటి, ఎవరైనా కాగితం మీద సంతకం పెట్టేముందు మన లా చదివే అన్నలకు, అక్కలకు చూపించాలి. రెండు, పాట కోసం వడ్డీకి అప్పు తేవొద్దు, డిగ్రీ వదలొద్దు. ఫోన్‌లో తీసి సొంత చానల్‌లో పెట్టుకోండి. మొదటి నలుగురు వినేవాళ్లం మనమే అవుదాం. మూడు, సెలవులకు ఇంటికి పోయినప్పుడు ప్రతి ఒక్కరూ తమ తండాలో, గూడెంలో ఒక్క అవ్వ పాటైనా రికార్డు చేసి, పాడినామె పేరు, ఊరు రాసి పెట్టుకోండి.

ఆ తమ్ముడు కోతల నుంచి ఉగాదికి వస్తాడు. సప్లిమెంటరీ పరీక్ష ఫీజు మేమే కడుతున్నాం. నెక్స్ట్ మంగ్లీ నువ్వే అని మాత్రం ఈసారి అనం. ఒక పాట పాడరా, వింటాం అంటాం.