పుస్తకం మూశాక పది నిమిషాలు జాగ్రత్త

పది, ఇంటర్ పరీక్షలు నెత్తి మీదికొచ్చాయి. చింతలపూడిలో సాయంత్రం ఏ వీధికెళ్లినా అరుగు మీద పుస్తకం, పుస్తకం మీద ఫోను. మొన్న ఒక కుర్రాడు అరగంట గట్టిగా కెమిస్ట్రీ చదివాడు. ‘పదే నిమిషాలమ్మా’ అంటూ ఫోను అందుకున్నాడు. కోడిపందెం, క్రికెట్టు, ఎవరిదో పెళ్లిలో డాన్సు. వేలు ఆగదే! కాసేపటికి వాళ్లమ్మ ఇందాకటి సమీకరణం అడిగితే మళ్లీ పేజీలు తిప్పాడు.

తల్లిదండ్రులూ, చదివేటప్పుడు కాపలా కాస్తున్నారు సరే. అసలు కాపలా కావాల్సింది ఆ తర్వాత.

ఊడ్చిన నారు మూన తిరిగేదాకా ఏ రైతూ చేలో పడి తొక్కడు. చదివిందీ అంతే. పుస్తకం మూసినా కొత్త సంగతి బుర్రలో కుదురుకుంటూనే ఉంటుంది. జర్మనీలో ముల్లర్, పిల్జెకర్ అనే పరిశోధకులు 1900లోనే ఈ మాట చెప్పారు. 2012లో పరిశోధకురాలు మిఖేలా డ్యూవర్ బృందం ఎడిన్‌బరోలో అరవై దాటినవాళ్లకు రెండు చిన్న కథలు వినిపించింది. ఒకటయ్యాక పది నిమిషాలు చీకటి గదిలో కళ్లు మూసుకోమన్నారు. రెండోదయ్యాక బొమ్మల్లో తేడాలు పట్టే ఆట ఇచ్చారు. వారం తర్వాత అడిగినా, ఊరకే కూర్చున్నప్పటి కథే ఎక్కువ గుర్తుంది.

ముసలివాళ్ల సంగతి మా పిల్లలకెందుకంటారా? 2019లో అమెరికాలో రట్గర్స్ విశ్వవిద్యాలయంవాళ్లు 414 మంది కాలేజీ విద్యార్థులకు పదాల చిక్కుముడులిచ్చారు. విరామంలో ఫోనులో సరుకులు ఎంచినవాళ్లు, ఆ పనే కాగితం మీదో కంప్యూటర్లోనో చేసినవాళ్ల కంటే 22 శాతం తక్కువ విప్పారు. పట్టిన సమయం 19 శాతం ఎక్కువ.

ప్రతి పాఠానికీ ఇంతే తేడా వస్తుందనడం లేదు. నోట్సూ ఆ ఫోనులోనే వస్తున్నాయి, ఆ బాధా తెలుసు. నోట్సు చూసుకున్నాక ఫోను వంటింట్లో బియ్యం డబ్బా మీదికి పోవాలి, ఈ రాత్రి నుంచే. పిల్లాడు పెరట్లో వేపచెట్టు కింద ఊరకే కూర్చుంటే ‘ఖాళీగా ఉన్నావేం’ అని గదమాయించకండి. ఏలూరు కాలేజీల నుంచి బస్సులో వచ్చే పిల్లలు కిటికీలోంచి పామాయిల్ తోటలు చూస్తూ రావచ్చు, ఇయర్‌ఫోన్లు సంచిలో పెట్టి. నిద్ర మాత్రం కోయొద్దు.

ఇంకొకటి. ఆ పది నిమిషాలూ ముందుగదిలో సీరియల్ మోగకూడదు. రిమోట్ పిల్లల చేతిలో లేదు, మీ చేతిలోనే ఉంది.