గవాకే సజా!

చెక్ ఇంజిన్ లైటు వెలిగిందని పోతే, స్కానర్ గుచ్చి, పీ 0171 చూసి "ఆక్సిజన్ సెన్సార్ ఖరాబైంది సాబ్" అన్నాడు. మార్పించాను. నాలుగోరోజు మళ్ళీ అదే లైటు!

అరె భాయ్, ఆ కోడ్ చెప్పేది ఒక్కటే: గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ. సెన్సార్ ఆ సచ్ చెప్పిన గవా. గవాకే సజా వేస్తారా? ఫ్యూయల్ పంపు నీరసించినా, ఎయిర్ ఫ్లో సెన్సార్‌కి మురికి పట్టినా అదే కోడ్ వస్తుంది.

చివరికి మా గల్లీ ఉస్తాద్ చెవొగ్గి విన్నాడు. ఇంటేక్ దగ్గర 'సుయ్'. పగిలిన రబ్బరు పైపు, బస్!

స్కానర్‌తో నాకు దుష్మనీ లేదు. అందులోనే ఫ్యూయల్ ట్రిమ్ కనిపిస్తుంది. ఐడిల్‌లో బాగా ఎక్కువుండి, రేస్ చేస్తే తగ్గిందా, ముందు హవా లీకే వెతకాలి. ఆ పేజీ తెరిచే ఫుర్సత్ లేదు వీళ్ళకి. కోడ్ చెరిపి పైసలడగడానికి మాత్రం ఉంది.